రాత్రిళ్లు పదేపదే మెలకువ వస్తోందా? ఏ దారి ఎవరికి సరిపోతుందో చూద్దాం

నిద్ర గురించి దొరికే సలహాల్లో చాలావరకు అసలు నిద్రే పట్టనివాళ్ల కోసం చెప్పినవి. గోరువెచ్చటి నీళ్ల స్నానం, ఫోన్ పక్కన పెట్టడం, లైట్లు తగ్గించడం, అన్నీ పడుకోబోయే ముందు గంటకు సంబంధించినవే. మరి దిండు మీద తల వాల్చగానే నిద్రపోయి, ఒంటిగంటకోసారి, రెండున్నరకోసారి, నాలుగింటికోసారి కళ్లు తెరిచేవాళ్ల సంగతేంటి? వీళ్లు ఆ చిట్కాలన్నీ పాటించినా పెద్దగా తేడా కనిపించదు. ఇక మిగిలేవి కొన్ని దారులు: మాత్ర వేసుకోవడం, కళ్లు మూసుకుని పక్క మీదే ఓపిక పట్టడం, లేచి అవతలికి వెళ్లిపోవడం, పడుకునే వేళల్నే మార్చుకోవడం, డాక్టర్ దగ్గర పరీక్షలు చేయించుకోవడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శరీరంలో వేరే కారణం ఏదీ లేదని తేలితే, వినగానే ఎవరికీ నచ్చని దారే అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. పక్క మీద గడిపే సమయాన్ని తగ్గించుకోవడమే ఆ దారి. అయితే దానికంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మెలకువ రావడమే జబ్బు కాదన్నది మొదటి సంగతి. నిద్ర సుమారు 90 నిమిషాలకొక చుట్టు చొప్పున రాత్రికి నాలుగైదు చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టు ముగిసేచోట నిద్ర పలచబడి, అటు నుంచి ఇటు తిరిగి, ఒక్క క్షణం కళ్లు తెరిచి మళ్లీ పడుకుంటాం. పొద్దున్నకి అది గుర్తు కూడా ఉండదు. గాఢనిద్ర ఎక్కువగా మొదటి సగంలోనే అయిపోతుంది. రెండో సగంలో కలల నిద్ర, తేలికపాటి నిద్ర ఎక్కువ. మూడింటప్పుడు చిన్న చప్పుడుకే మెలకువ రావడానికి కారణం అదే. వయసు మీద పడేకొద్దీ గాఢనిద్ర తగ్గి మెలకువలు పెరగడం కూడా మామూలే. మెలకువ వచ్చాక మళ్లీ నిద్ర పట్టక, దాని ప్రభావం పగలు పని మీద, మూడ్ మీద పడుతూ, వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకు పైగా ఇదే వరస సాగితే దాన్ని డాక్టర్లు దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. రాత్రికి రెండుసార్లు లేచి వెంటనే పడుకుని, పొద్దున్నే హుషారుగా ఉంటే మీరు చేయాల్సిందేమీ లేదు.

ముందు లేపుతున్నదేమిటో తేల్చుకోండి

ఇక్కడ తప్పటడుగు పడితే తర్వాత ఏం చేసినా దండగే. గురక పెట్టేవాళ్లు, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉక్కిరిబిక్కిరై లేచేవాళ్లు, పొద్దున్నే తలనొప్పితో, ఎండిపోయిన నోటితో లేచేవాళ్లు, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడేవాళ్లు స్లీప్ ఆప్నియా ఉందేమో చూపించుకోవాలి. గొంతు దగ్గర గాలిదారి మూసుకుపోయినప్పుడల్లా మెదడు మనిషిని కొద్దిగా లేపి ఊపిరి తీసుకునేలా చేస్తుంది. ఇది రాత్రికి పదులసార్లు జరిగినా మనిషికి తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో కొందరికి పెద్దగా గురక ఉండదు, నీరసం, చెదిరిన నిద్ర మాత్రమే పైకి కనిపిస్తాయి. అందుకే ఎన్నేళ్లయినా బయటపడదు. దీనికి సీపాప్ అనే యంత్రం ఉంది. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ దీన్ని పరిచయం చేశారు. మాస్క్ ద్వారా గాలిని కొద్ది ఒత్తిడితో పంపి గాలిదారి మూసుకుపోకుండా చూస్తుంది. ఆప్నియా ఉన్న మనిషి అది తెలియక నిద్రమాత్రలు వేసుకుంటే పరిస్థితి ఇంకా దిగజారవచ్చు.

మూత్రం కోసం లేవడం గురించి ఒక మాట. చాలామంది ‘యూరిన్ వచ్చి మెలకువ వస్తోంది’ అంటారు. నిజానికి చాలాసార్లు మెలకువ ముందు వస్తుంది, ఎలాగూ లేచాం కదా అని బాత్రూమ్‌కి వెళ్తారు. తేడా తెలుసుకోవడం సులువే. వెళ్లినప్పుడు కొద్దిగానే వస్తుంటే లేపుతున్నది వేరే ఏదో. ప్రతిసారీ ఎక్కువగా వస్తుంటే సాయంత్రం తాగే నీళ్లు, షుగర్, బీపీకి వాడే నీటిమాత్ర, సాయంత్రానికి కాళ్లలో చేరే వాపు, వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. పగలంతా కాళ్లలో నిలిచిన నీరు పడుకోగానే రక్తంలోకి చేరి మూత్రంగా మారుతుంది. అలాంటివాళ్లు సాయంత్రం కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుని కూర్చుంటే ఆ పని పడుకోకముందే అయిపోతుంది. నీటిమాత్ర వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టర్‌ని అడగాలి, సొంతంగా మార్చకూడదు. ఆప్నియా వల్ల కూడా రాత్రిపూట మూత్రం ఎక్కువ తయారవుతుంది. కాబట్టి గురక, మూత్రం రెండూ ఉన్నవాళ్లు మొదట గురక సంగతి చూడాలి.

పడుకోగానే కాళ్లలో ఏదో పాకినట్టు, లాగినట్టు ఉండి, కదిపితేనే హాయిగా అనిపిస్తే అది రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు. రక్తంలో ఫెరిటిన్ పరీక్ష చేయించుకుంటే ఐరన్ నిల్వలు తక్కువున్నాయేమో తెలుస్తుంది. వీళ్లు నిద్ర కోసమని జలుబు, అలర్జీ మాత్రలు వేసుకుంటే కాళ్ల బాధ ఇంకా పెరుగుతుంది. ఛాతీలో మంటతో లేచేవాళ్లు తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండేలా చూసుకుని, ఎడమవైపు తిరిగి పడుకోవాలి. మంచం తలవైపు కోళ్ల కింద దిమ్మలు పెట్టి 15, 20 సెంటీమీటర్లు ఎత్తు చేయాలి. దిండు మీద దిండు పెడితే పొట్ట మడతపడుతుంది తప్ప లాభం లేదు. ముట్లు ఆగే వయసులో ఒళ్లంతా ఆవిర్లతో, చెమటతో లేవడం వేరే సంగతి, దానికి మందులున్నాయి.

మద్యం నిద్ర పట్టిస్తుంది, కానీ దాని ప్రభావం దిగిపోయే రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. ‘ఒక్క పెగ్గు వేస్తేగానీ పడుకోలేను, కానీ మూడింటికల్లా లేస్తున్నాను’ అనేవాళ్లు కారణాన్ని చేతిలో పట్టుకునే మందు కోసం వెతుకుతున్నారు. కాఫీ విషయంలో 2013లో వచ్చిన ఒక అధ్యయనం గుర్తుంచుకోదగ్గది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవాళ్లకు నిద్ర గంటకు పైగా తగ్గింది. మోతాదు పెద్దదే అనుకోండి, అయినా సాయంత్రం కాఫీని మధ్యాహ్నానికి మార్చుకోవడానికి ఆ ఒక్క లెక్క చాలు.

పక్క మీదే ఉండాలా, లేచిపోవాలా?

పైవేవీ లేవనుకుందాం. మెలకువ వచ్చింది, మళ్లీ పట్టడం లేదు. ఏం చేయాలి?

పక్క మీదే ఉండటంలో సుఖం ఉంది. ఒళ్లు విశ్రాంతిగా ఉంటుంది, చలికి లేవక్కర్లేదు, పక్కనున్నవాళ్లకు ఇబ్బంది ఉండదు. అప్పుడప్పుడు మాత్రమే ఇలా జరిగేవాళ్లకు ఇదే మేలు. కళ్లు మూసుకుని ‘పడితే పట్టింది లేకపోతే లేదు’ అని వదిలేస్తే చాలాసార్లు నిద్ర దానంతటదే వస్తుంది. చిక్కల్లా రోజూ మెలకువతో దొర్లేవాళ్లకే. పక్క అంటే నిద్ర అని కాకుండా పక్క అంటే టెన్షన్ అని మెదడుకు అలవాటైపోతుంది. సోఫాలో టీవీ ముందు హాయిగా కునుకు తీసే మనిషి మంచమెక్కగానే కళ్లు విప్పార్చుకోవడం చూస్తుంటాం కదా, అది ఈ అలవాటే.

ఈ ముడిని విప్పడానికి అమెరికన్ మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో ఒక పద్ధతి చెప్పారు. నిద్ర ముంచుకొస్తేనే పక్క ఎక్కాలి. ఓ పావుగంట, ఇరవై నిమిషాలు గడిచినా పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లాలి. మళ్లీ నిద్ర వచ్చినప్పుడే తిరిగి రావాలి. ఎన్నిసార్లు లేవాల్సి వచ్చినా, పొద్దున్న మాత్రం రోజూ ఒకే వేళకు లేవాలి. పగటి కునుకు మానేయాలి.

చెప్పడం తేలికే, తెల్లవారుజామున మూడింటికి దుప్పటి తీసి లేవడమే కష్టం. అందుకే ఏర్పాట్లన్నీ సాయంత్రమే చేసి ఉంచుకోవాలి. ఒక కుర్చీ, కప్పుకోవడానికి శాలువా, పేజీ కనిపించేంత మాత్రమే వెలుతురిచ్చే చిన్న దీపం, ఇదివరకే చదివేసిన పుస్తకం ఒకటి. కొత్త నవల అయితే తర్వాతేమవుతుందోనని తెల్లారేదాకా చదువుతారు. ఎలాగూ మెలకువే కదా అని బట్టలు మడతపెట్టడం, ఆఫీసు మెయిళ్లు చూసుకోవడం చేయకూడదు. అలా చేస్తే మెలకువకు ఒక ప్రయోజనం దొరికినట్టవుతుంది, మర్నాడు అదే వేళకు మెదడు తట్టి లేపుతుంది. తినడం కూడా అంతే. గడియారం గోడవైపు తిప్పేయండి. ఇరవై నిమిషాలన్నది అందాజాగానే ఉండాలి, టైమ్ చూసి లెక్కపెడితే ఆ లెక్కే నిద్ర చెడగొడుతుంది. ఒళ్లు అలసిపోయిందని కాకుండా, రెప్పలు బరువెక్కి చదివిన వాక్యమే మళ్లీ చదువుతున్నప్పుడు పక్క మీదికి వెళ్లాలి. అలసట వేరు, నిద్ర వేరు.

పెద్దవాళ్లకి, కళ్లు తిరిగేవాళ్లకి, నడక తూలేవాళ్లకి మాత్రం చీకట్లో లేవమని చెప్పను. పడితే తుంటి విరుగుతుంది. వాళ్లు పక్క మీదే దిండుకు ఆనుకుని కూర్చుని, చిన్న దీపం వెలుగులో చదువుకుంటే సరిపోతుంది.

ఎక్కువసేపు పడుకోవాలా, తక్కువసేపా?

రాత్రి సరిగా నిద్రలేదు కాబట్టి ఇవాళ తొమ్మిదింటికే పడుకుందాం అనుకోవడం సహజం. ఆదివారం పదింటిదాకా పడుకోవడమూ అంతే. నా దృష్టిలో నిద్రను ముక్కలు చేసేవాటిలో ఇది ముందుంటుంది, తప్పు పని చేస్తున్నామన్న అనుమానం కూడా రాదు. ఉన్న నిద్ర ఆరు గంటలైతే, దాన్ని తొమ్మిది గంటల మీద పరవడం చిన్న దుప్పటితో పెద్ద మంచాన్ని కప్పబోవడమే. ఎటో ఒకవైపు ఖాళీ తప్పదు.

దీనికి ఒక విచిత్రమైన ఆధారం ఉంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేసిన థామస్ వేర్ 1992లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను రోజూ 14 గంటలు చీకట్లో ఉంచితే, కొన్ని వారాలకు వాళ్ల నిద్ర రెండు ముక్కలైంది. మధ్యలో గంట నుంచి మూడు గంటల మెలకువ. అంటే నిద్రలేమి లేనివాళ్లనైనా కావలసినదానికన్నా ఎక్కువసేపు చీకట్లో పడుకోబెడితే నడిరాత్రి మెలకువ వచ్చేస్తుంది. చెప్పుకోవాల్సిన మరో సంగతి, ఆ మెలకువలో వాళ్లు కంగారుపడలేదు, ప్రశాంతంగానే ఉన్నారు.

పక్క సమయాన్ని తగ్గించే పద్ధతిని ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో ప్రచురించారు. లెక్క చూద్దాం. ఒక మనిషి రాత్రి 10కి పడుకుని పొద్దున్న 7కి లేస్తున్నాడు. పక్క మీద 9 గంటలు. రెండు వారాలు రాసుకుంటే సగటున నిద్రపోయింది 6 గంటలని తేలింది. అంటే పక్క మీద గడిపిన సమయంలో నిద్ర 67 శాతమే. ఇప్పుడు లేచే వేళను 6 అని ఖాయం చేసుకుని, వెనక్కి 6 గంటలు లెక్కేసి, రాత్రి 12కి ముందు పక్క ఎక్కకూడదు. వారం చూశాక ఈ శాతం 85 దాటితే పడుకునే వేళను 15 నిమిషాలు ముందుకు, అంటే 12 నుంచి 11:45కి జరపాలి. మళ్లీ వారం చూసి ఇంకో 15. నిద్ర ఎంత తక్కువ ఉన్నా ఐదు గంటల కంటే తక్కువ సమయం పెట్టుకోకూడదు.

మొదటి వారం బాగుంటుందని అబద్ధం చెప్పను. పదకొండింటికే కళ్లు మూతలు పడుతుంటాయి, గంటసేపు ఎలాగో లాక్కురావాలి. పగలు చిరాకుగా ఉంటుంది, మాటలు తడబడతాయి. చాలామంది నాలుగోరోజుకే ‘నాకిది పడదు’ అని వదిలేస్తారు. ఆ నిద్రమత్తే ఇక్కడ మందు. అది పోగుపడితేనే నిద్ర చిక్కబడి మెలకువలు తగ్గుతాయి. రెండు మూడు వారాలకు చాలామందికి తేడా తెలుస్తుంది. ఆ రోజుల్లో కారు నడపడం, ప్రమాదకరమైన యంత్రాల దగ్గర పని వద్దు. బైపోలార్ సమస్య, మూర్ఛ, నిద్రలో నడిచే అలవాటు, చికిత్స తీసుకోని ఆప్నియా ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. నిద్ర తగ్గడం వల్లే ఫిట్స్, ఉన్మాద దశ రావచ్చు.

ఇంత కఠినంగా వద్దనుకునేవాళ్లకు మెత్తటి దారి కూడా ఉంది. ఒకేసారి మూడు గంటలు కోయకుండా వారానికి అరగంట చొప్పున తగ్గించుకుంటూ రావడం. ఫలితం నిదానంగా వస్తుంది కానీ పగలు అంత మత్తుగా ఉండదు. పెద్ద వయసువాళ్లకు, ఉద్యోగంలో రోజూ చురుగ్గా ఉండాల్సినవాళ్లకు నేను ఇదే చెబుతాను.

లేచి అవతలికి వెళ్లడం, పక్క సమయం తగ్గించడం అన్న ఈ రెండు పద్ధతులకూ ఆందోళన తగ్గించే ఆలోచనా శిక్షణ కలిపితే దాన్ని సీబీటీ-ఐ అంటారు. దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దలకు మాత్రల కంటే ముందు ఇదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లో సిఫారసు చేసింది. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు ఉంటుంది. నేర్పేవాళ్లు దొరకకపోతే యాప్‌లున్నాయి. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2022లో స్లీపియో అనే యాప్‌ను నిద్రమాత్రలకు బదులుగా వాడొచ్చని చెప్పింది. మనిషి ఎదురుగా ఉండి చెప్పినంత పట్టు యాప్‌తో రాదు, మధ్యలో వదిలేసేవాళ్లూ ఎక్కువే. అయినా ఏమీ లేనిదానికంటే నయం.

మాత్రల్లో తేడాలు

మాత్ర తప్పేమీ కాదు. ఇంట్లో చావు, ఆపరేషన్, ఉద్యోగం పోవడం లాంటి గడ్డు రోజుల్లో డాక్టర్ రాసిస్తే కొద్దిరోజులు వాడుకోవచ్చు. నెలల తరబడి సాగే మెలకువలకు మాత్రం అది దారి కాదు. మానేసినరోజు సమస్య అలాగే ఉంటుంది, కొన్నిసార్లు ఇంకాస్త ఎక్కువగా తిరిగొస్తుంది.

అల్ప్రజోలం లాంటి బెంజోడయజెపీన్లు అనే రకం మాత్రలు అలవాటవుతాయి, హఠాత్తుగా ఆపితే ప్రమాదం. పెద్దవాళ్లలో మతిమరుపు, తూలి పడటం పెరుగుతాయి. జోల్పిడెమ్ వర్గం నిద్రమాత్రలకు నిద్రలోనే లేచి నడవడం, వండటం, బండి నడపడం లాంటి సంఘటనల వల్ల అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. మర్నాడు పొద్దున్నకీ మత్తు దిగడం లేదని 2013లోనే ఆడవాళ్లకు జోల్పిడెమ్ మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించమంది. నడిరాత్రి మెలకువ వచ్చిందని ఇంకో మాత్ర వేసుకోవడం అందుకే ప్రమాదం, తెల్లారేలోగా అది దిగదు.

చీటీ లేకుండా కొనుక్కునే అలర్జీ మాత్రలు మర్నాటికీ మందకొడిగా ఉంచుతాయి, నోరు ఎండబెడతాయి, కొద్దిరోజులకే పనిచేయడం మానేస్తాయి. మెలటోనిన్ గురించి ఉన్న పేరుకీ దాని పనికీ పొంతన లేదు. విమాన ప్రయాణంతో వేళలు తారుమారైనవాళ్లకి, అర్ధరాత్రి దాటితేగానీ నిద్ర రానివాళ్లకి అది పనికొస్తుంది. నడిరాత్రి మెలకువలకు వాడొద్దనే అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో సూచించింది. మెలకువలకు పనికొచ్చే మందుల్లో రెండు రకాలు: 3 నుంచి 6 మిల్లీగ్రాముల తక్కువ మోతాదు డాక్సెపిన్, మెలకువగా ఉంచే ఒరెక్సిన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకునే సువోరెక్సెంట్ లాంటివి. మాత్ర తప్పదనుకుంటే వీటి గురించి డాక్టర్‌ని అడగొచ్చు.

వాచీలు, చప్పుళ్లు, చంటిపిల్లలు

నిద్రను కొలిచే వాచీ కదలికను, గుండె వేగాన్ని చూసి అంచనా వేస్తుంది. ఎప్పుడు పడుకుని ఎప్పుడు లేచారన్నది పర్వాలేదు, గాఢనిద్ర ఎంతన్నది నమ్మలేం. ఆ స్కోరు చూసుకుని కంగారుపడి నిద్ర పాడుచేసుకునేవాళ్లకు 2017లో పరిశోధకులు ‘ఆర్థోసోమ్నియా’ అని పేరే పెట్టారు. లేవగానే హుషారుగా ఉన్నా, వాచీ బాగాలేదందని దిగులు పడుతుంటే వాచీ తీసేయండి.

ఉన్నట్టుండి వచ్చే చప్పుళ్లకు లేచేవాళ్లకు ఇయర్ ప్లగ్స్ గానీ, ఫ్యాన్ లాంటి ఎడతెగని శబ్దం గానీ పనికొస్తాయి. పక్కవాళ్ల కదలికలకు లేస్తుంటే దుప్పట్లు వేరుచేసుకోండి, అప్పటికీ కుదరకపోతే పడకలు వేరుచేసుకోండి. అందులో నామోషీ ఏం లేదు.

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో, మంచాన పడ్డవాళ్లను చూసుకునే ఇంట్లో పైన చెప్పిన పక్క లెక్కలేవీ నడవవు. అక్కడ మెలకువ మన చేతిలో లేదు. ఇద్దరూ ప్రతిసారీ లేచి ఇద్దరూ పాడైపోవడం కంటే వంతులు వేసుకోవడం మేలు. పది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఆరు దాకా ఇంకొకరు చూసుకుంటే ఒక్కొక్కరికి కనీసం నాలుగు గంటలు తెగకుండా దొరుకుతాయి. వంతు లేనివాళ్లు వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోవాలి. పగటి కునుకు వద్దన్న మాట కూడా వీళ్లకు వర్తించదు, దొరికినప్పుడు పడుకోవడమే.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

ఊపిరాడక లేస్తుంటే, ఛాతీనొప్పితో లేస్తుంటే, బండి నడుపుతుండగా కునుకు పడుతుంటే ఆగకుండా వెళ్లండి. రోజూ తెల్లవారుజామునే మెలకువ వచ్చి, ఏ పని మీదా మనసు పోక, బతుకు మీద ఆశ సన్నగిల్లుతుంటే అది డిప్రెషన్ కావచ్చు. దాన్ని నిద్ర సమస్య అనుకుని నెట్టుకురావద్దు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికో ఒకరికి చెప్పి సాయం తీసుకోండి.

మిగతావాళ్లు రెండు వారాల నిద్ర డైరీ రాసుకుని వెళ్తే డాక్టర్ పని సగం తగ్గుతుంది. రాత్రిపూట టైమ్ చూసి రాయకూడదు, పొద్దున్న లేచాక అందాజాగా రాస్తే చాలు. ఎన్నింటికి పక్క ఎక్కారు, సుమారు ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచారు, మొత్తం ఎంతసేపు మెలకువగా ఉన్నారు, చివరికి ఎన్నింటికి లేచారు, ముందురోజు కాఫీ, మద్యం, కునుకు ఎప్పుడు. పక్కన పడుకునేవాళ్లు ఉంటే గురక, ఊపిరి ఆగడం, కాళ్లు తన్నడం గురించి వాళ్లని అడిగి అదీ రాయండి. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, ఏది ఏ పూట వేసుకుంటున్నారో సహా, చివరి పేజీలో రాసి పట్టుకెళ్లండి.